“రాదు” అని చెప్పగలిగే చోటు

గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా మా పట్టణ శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయులు చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం. అక్కడక్కడా తడబాట్లు తీసేశాం తప్ప మాటలన్నీ ఆయనవే.

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు కూడా. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి నాయనా, వచ్చి కూర్చోండి. భయపడకండి, ఇవాళ ఎవరినీ లేపి ప్రశ్నలు అడగను.

గ్రంథాలయాధికారి గారు ఫోను చేసి, “మాస్టారూ, పిల్లలకు చదువు మీద ఆసక్తి కలిగేటట్టు ఒక గంట మాట్లాడండి” అన్నారు. వస్తానన్నాను. ఆ పని మాత్రం నా వల్ల కాదని కూడా అప్పుడే చెప్పాను. మాటలతోనే ఆసక్తి పుట్టేదైతే ఈపాటికి మన రెండు రాష్ట్రాల్లో ఆసక్తి లేని పిల్లవాడు దుర్భిణీ వేసి వెదికినా దొరకకూడదు. ఏ కాలేజీకి వెళ్ళినా ఏడాదికోసారి ఎవరో ఒక వక్త కోటు వేసుకుని వస్తాడు. అబ్దుల్ కలాం గారి పేరు చెబుతాడు, కలలు కనమంటాడు, పిల్లల చేత లేచి నిలబడి గట్టిగా “నేను సాధిస్తాను” అనిపిస్తాడు. పిల్లలు అంటారు, చప్పట్లు కొడతారు. మర్నాడు పొద్దున్న స్లిప్ టెస్టు. మధ్యాహ్నానికి మార్కులు గోడ మీద. సాయంత్రానికి ఆ కలలన్నీ ఎక్కడ ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని ఇవాళ పిల్లలకు ఏమీ చెప్పను. వాళ్ళు హాయిగా వినవచ్చు, లేదా అటు బీరువాల దగ్గరికి వెళ్ళి పుస్తకాలు చూసుకోవచ్చు. నా మాటలు మనకు, అంటే టీచర్లకు, తల్లిదండ్రులకు, ఈ హాలు తాళం చెవులు ఎవరి దగ్గర ఉంటాయో వాళ్ళకు.

“మా వాడికి చదువు మీద ఆసక్తి లేదండీ.” ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ నేను అడిగేది ఒకటే: ఎప్పటి నుంచి లేదు? ఇక్కడ మూడేళ్ళ మనవడో మనవరాలో ఉన్నవాళ్ళు ఎంతమంది? చెప్పండి, ఆ పిల్లకు ఆసక్తి లేదా? చందమామ మన వెంటే ఎందుకు వస్తున్నాడు, చీమలు వరుసగా ఎందుకు పోతున్నాయి, తాతయ్యకు పళ్ళు ఎందుకు లేవు. మనకు విసుగు పుడుతుంది గానీ వాళ్ళకు పుట్టదు. అదే పిల్ల ఏడో తరగతికి వచ్చేసరికి “నాకు రాదు” అంటుంది, తల వంచుకుంటుంది. మధ్యలో ఏం జరిగింది? ఆసక్తి ఉండేది, పోయింది. ఎక్కడ పోయిందో చూడకుండా కొత్తది కొనిపెడతామంటే ఎలా?

ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాక నాకు తోచింది ఇది. నలుగురిలో చులకన అయిన చోట పిల్లవాడి ఆసక్తి పోతుంది. ఇక్కడ చులకన కానని నమ్మకం కుదిరిన చోట అది తిరిగి వస్తుంది. ఇంత చిన్న మాటకు గంట ప్రసంగం ఎందుకంటారా? ఆ నమ్మకం ఉపదేశంతో కుదరదు కాబట్టి. గదిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాం, తప్పు చెప్పిన మరుక్షణం ఏమవుతుంది, వారం రోజులు బడికి రాకపోయినవాడు తిరిగి వస్తే మొదటి మాట ఏమంటాం, ఇలాంటి వాటితో కుదురుతుంది.

ఒక లెక్క చేద్దాం. నల్లబల్ల లేదు, మనసులోనే వేసుకోండి. 52 లోంచి 27 తీసేయాలి. ఎంత? ఇరవై అయిదు. సరే. మా బడిలో ఏడో తరగతి పిల్లవాడు ఒకడు 35 అని వేసేవాడు. ఈ లెక్క ఒక్కటే అనుకోకండి, ఇలాంటివి ఏది ఇచ్చినా అదే వరస. ఎలా వేశాడో చూడండి. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7. రెండులోంచి ఏడు పోదు. కాబట్టి ఏడులోంచి రెండు తీశాడు, అయిదు. పదుల స్థానంలో అయిదులోంచి రెండు తీశాడు, మూడు. ముప్పై అయిదు. ఇందులో నిర్లక్ష్యం ఎక్కడుంది? మొద్దుతనం ఎక్కడుంది? ఎందుకిలా చేశావురా అంటే, “పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి కదా సార్” అన్నాడు. ఆ మాట వాడికి ఒకటో తరగతిలో మనమే చెప్పాం. చెప్పామా లేదా? వాడు మన మాట అక్షరాలా విన్నాడు. విన్నందుకు నాలుగేళ్ళుగా ఎర్ర సిరాతో అడ్డగీతలు కొట్టించుకుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఎలా చేశావని ఎవరూ అడగలేదు, తప్పని మాత్రం అందరూ చెప్పారు.

ఆ పిల్లవాడి తండ్రిది కూరగాయల బండి. సాయంత్రాలు వీడే నిలబడతాడు. నేను పుస్తకం మూసి, “ఒకామె దగ్గర 52 రూపాయలున్నాయిరా, 27 రూపాయలకు వంకాయలు కొంది, ఎంత మిగులుతుంది” అన్నాను. రెప్ప వేసేలోపు “ఇరవై అయిదు” అన్నాడు. ఎలా? “27కి మూడు వేస్తే ముప్పై. ముప్పై నుంచి యాభై రెండుకు ఇరవై రెండు. మూడూ ఇరవై రెండూ ఇరవై అయిదు.” నోటు పుస్తకం తెరిచి 35 చూపించాను. మరి ఇదేమిటిరా? వాడు కాసేపు రెండింటినీ చూసి, “అది బండి లెక్క సార్, ఇది స్కూలు లెక్క కదా” అన్నాడు.

నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు. వాడి దృష్టిలో స్కూలు లెక్క నిజం కానక్కరలేదు. అది మనకు ఒప్పచెప్పి వదిలించుకోవలసిన పని.

ఇది మా ఊరి సంగతే అనుకోకండి. బ్రెజిల్ దేశంలో రెసీఫె అనే పట్టణం ఉంది. అక్కడ రోడ్డు పక్కన కొబ్బరికాయలు, పాప్‌కార్న్ అమ్ముకునే పిల్లలను ముగ్గురు పరిశోధకులు గమనించి 1985లో ప్రచురించారు. మొదట మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి బేరంలో లెక్కలు అడిగారు. పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. తర్వాత అవే అంకెలతో కాగితం మీద లెక్కలు ఇస్తే నూటికి 37 మాత్రమే. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఒక కాయ 35 అయితే నాలుగు ఎంత అని బండి దగ్గర అడిగారు. మూడింటి ధర 105 వాడికి కంఠతా, దానికి ఇంకో కాయ ధర కలుపుకుని 140 అన్నాడు. అదే నాలుగు ముప్పై అయిదులు కాగితం మీద వేయమంటే 200 అని వేశాడు! నాలుగైదులు ఇరవై, సున్నా వేసి రెండు చేతిలో పెట్టుకున్నాడు. రెండూ మూడూ అయిదు, నాలుగైదులు ఇరవై. 200. కొబ్బరికాయలు నాలుగింటిని 200కు అమ్మేవాడైతే సాయంత్రానికి అమ్మ తన్నేది. బండి దగ్గర ఎన్నడూ అలా అనడు. కాగితం దగ్గర అంటాడు, ఎందుకంటే అక్కడ ఆలోచించడం తన పని అని వాడు అనుకోవడం లేదు.

మన దేశంలోనూ కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద ఇలాంటి పరిశీలన జరిగి 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బజారులో చకచకా లెక్క కట్టే పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడ్డారు. సరే, అది మనం ఊహించిందే. రెండో సగం వినండి. బడికి మాత్రమే వెళ్ళే పిల్లలను బజారు లెక్కలు అడిగితే వాళ్ళూ తడబడ్డారు. అంటే ఇక్కడ తెలివైనవాడు, మొద్దు అని ఇద్దరు పిల్లలు లేరు. ఇద్దరి మధ్య మనం కట్టిన గోడ ఉంది.

ఇప్పుడు “రాదు” దగ్గరికి వద్దాం. టీచర్లున్నారు కదా ఇక్కడ, మీకు బాగా తెలుసు. పిల్లవాణ్ణి లేపుతాం. లేస్తాడు. ప్రశ్న పూర్తికాకముందే “రాదు సార్” అంటాడు. మనం ఏమనుకుంటాం? బద్ధకం అనుకుంటాం. వాడి వైపు నుంచి చూడండి. ప్రయత్నించి తప్పు చెబితే క్లాసంతా నవ్వుతుంది, మొద్దు అంటారు. ప్రయత్నించకుండా రాదంటే బద్ధకస్తుడు అంటారు. ఈ రెండింట్లో ఏది నయం? బద్ధకస్తుడికి ఇంకా ఆశ ఉంది, “వీడు చదివితేనా, చదవడు గానీ” అని ఇంట్లో కూడా చెప్పుకుంటారు. మొద్దుకు ఆ దారి కూడా లేదు. కాబట్టి పన్నెండేళ్ళ పిల్లవాడు తన పరువు తాను కాపాడుకుంటున్నాడు. నన్నడిగితే చాలా తెలివైన పని. ఆ తెలివి అక్కడ ఖర్చయిపోతున్నదే అని నా బాధ.

పాత రోజుల్లో వీధి బడుల్లో కోదండం వేసేవారట. మా నాన్నగారు చూశానని చెప్పేవారు. పిల్లవాణ్ణి దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడమనేవారు. మా కాలానికి అది పోయి గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం మిగిలాయి. “దండం దశగుణం భవేత్” అని పెద్దలు ముచ్చటగా చెప్పేవారు. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధించింది. మొదటిది చాలావరకు తగ్గింది, ఒప్పుకుంటాను. రెండోదాని సంగతి? వారం వారం పరీక్ష, మార్కుల వరుస ప్రకారం సెక్షన్లు, పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దించడం, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అందరి మార్కులూ అందరూ చూసేటట్టు పెట్టడం. వీటిని మనం వేధింపు అనం, క్రమశిక్షణ అంటాం, పోటీ తత్వం అంటాం. బెత్తం దెబ్బ సాయంత్రానికి తగ్గేది. ఈ మార్కుల పట్టీ ఇంటికి వస్తుంది, మేనత్త ఊరికి కూడా వెళుతుంది. చివరి సెక్షన్లో కూర్చున్న పిల్లలను అడగండి, తమ గదికి ఏ టీచరును పంపుతారో, ఏ టీచరును పంపరో వాళ్ళకు తెలుసు. వాళ్ళను ముందే వదిలేశాం అన్న సంగతి వాళ్ళకు చెప్పవలసిన పని లేదు.

సరే, మరి తిరిగి ఎలా వస్తుంది? కష్టమా? కొన్ని చోట్ల ఎంత తేలికో చెబితే మీరు నమ్మరు.

మేరీ బడ్ రో అనే అమెరికా సైన్స్ విద్యావేత్త 1960లు, 70లలో తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి విన్నారు. టీచరు ప్రశ్న అడిగాక పిల్లవాడి జవాబు కోసం ఎంతసేపు ఆగుతారు? సగటున ఒక్క సెకను. ఒక్క సెకను! ఆ తర్వాత ఇంకొకరిని లేపడమో, ప్రశ్న మార్చడమో, తామే చెప్పేయడమో. ఆవిడ టీచర్లకు మూడు సెకన్లు ఆగడం అలవాటు చేయించారు. అంతే. జవాబులు పొడుగయ్యాయి, “తెలియదు”లు తగ్గాయి, వెనకబడ్డారని పేరుపడ్డ పిల్లలు నోరు విప్పారు, ఎదురు ప్రశ్నలు వేయడం మొదలైంది. కొత్త భవనం కట్టలేదు, డిజిటల్ బోర్డు పెట్టలేదు. రెండు సెకన్లు ఎక్కువ ఇచ్చారు. ఇంటికి వెళ్ళి మీ పిల్లలతోనే చేసి చూడండి. మూడు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది. మనకు నోరు దురద పెడుతుంది.

ఇప్పుడు మన దగ్గరి కథ. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన గడ్డ మీద జరిగింది, మనమే మర్చిపోతున్నాం. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, ఎం.వి. ఫౌండేషన్ అంటారు, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికి పోయే పిల్లలను బడికి తేవడం మొదలుపెట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పిన శాంతా సిన్హా గారు దానికి ముందు నిలిచారు. 2003లో ఆవిడకు మెగసెసే పురస్కారం వచ్చింది. అప్పటి పరిస్థితి పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. దొర దగ్గర, ఆసామి దగ్గర జీతానికి ఉన్న పిల్లలు, గొడ్లు కాచేవాళ్ళు, పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే ఆడపిల్లలు. వాళ్ళను బడికి తెస్తే ఏ తరగతిలో వేయాలి? పన్నెండేళ్ళ పిల్లకు అక్షరం రాదు కాబట్టి ఒకటో తరగతి. ఆరేళ్ళ పిల్లల పక్కన మోకాళ్ళు ముడుచుకుని ఎన్నాళ్ళు కూర్చుంటుంది? రెండు రోజులు. మూడో రోజు పొలానికి పోతుంది. పోతే మనం ఏమంటాం? “చూశారా, ఆసక్తి లేదు, తల్లిదండ్రులకు లేదు, పిల్లకూ లేదు.”

వాళ్ళేం చేశారంటే, తిన్నగా బడికి పంపకుండా మధ్యలో శిబిరాలు పెట్టారు. బ్రిడ్జి కోర్సు శిబిరాలు అనేవారు. నెలల తరబడి అక్కడే ఉండటం, అక్కడే తిండి. చుట్టూ అందరూ తన ఈడువాళ్ళే, అందరూ నిన్నటిదాకా పనిలో ఉన్నవాళ్ళే. తనకొక్కదానికే అక్షరాలు రావన్న సిగ్గు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరికీ రావు. కొంచెం ముందు వచ్చినవాళ్ళకు కొంచెం వచ్చు. పాటలు, ఆటలు, కథలు, వాళ్ళ ఊరి మాటలు, ఆ తర్వాత అక్షరాలు. తన ఈడు పిల్లలు ఉండే తరగతికి సరిపడా చదువు వచ్చాక బడికి. వేల మంది పిల్లలు అలా వెళ్ళారు. “పేదవాళ్ళకు పిల్లల సంపాదన కావాలి, చదువు వద్దు” అన్న మాటను ఆ సంస్థ మొదటి నుంచీ ఒప్పుకోలేదు. పంపే తోవ చూపిస్తే పంపుతారని ఊరూరా తిరిగి రుజువు చేసింది. ఈ ఆలోచనే తర్వాత విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్లో కనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని. చట్టంలో ఉంది. మన బడుల్లో ఆ ప్రత్యేక శిక్షణ ఎక్కడ జరుగుతున్నదో హెడ్మాస్టర్లు చెప్పాలి. ముందు వరుసలో ఇద్దరున్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టను.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గురించి అందరూ విన్నారు. పెద్దింటి పిల్లల బోర్డింగ్ స్కూలు అని మన అభిప్రాయం. నేను చెప్పేది దాని గురించి కాదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వాళ్ళు నడిపిన చిన్న బడులు, ఒకే టీచరు, ఒకే గది, అన్ని తరగతుల పిల్లలూ కలిసి. వేరుశనగ పీకే రోజులు వస్తే పిల్లవాడు పది రోజులు రాడు. మామూలు బడిలో ఏమవుతుంది? పాఠం వెళ్ళిపోయి ఉంటుంది. తిరిగి వచ్చిన రోజు నుంచి వాడికి ఏదీ అర్థం కాదు. అర్థం కానిచోట కూర్చోవడం ఎవరికి ఇష్టం? మీకిష్టమా? నాకు కన్నడంలో మూడు గంటల ఉపన్యాసం పెడితే నేనూ కిటికీలోంచే చూస్తాను. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా చేశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెనలాంటి పటంలో ఏ కార్డు తర్వాత ఏ కార్డో ఉంటుంది. పిల్లవాడు వస్తాడు, తాను ఎక్కడ ఆగాడో చూసుకుంటాడు, అక్కడి నుంచి తర్వాతి కార్డు తానే తీసుకుంటాడు. పది రోజులు రాకపోతే పది రోజులు ఆలస్యం, అంతే. వెనకబడ్డావని ఎవరూ అనరు, ఎందుకంటే వెనకబడటానికి ముందు వరుస అనేదే లేదు.

దీని తమాషా వినండి. 1995లో కర్ణాటక వాళ్ళు వచ్చి చూసి మైసూరు జిల్లాలో “నలి కలి”, అంటే ఆనందంగా నేర్చుకో, అని మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ తన టీచర్లను పంపించి చూపించింది, తర్వాత తమిళనాడు రాష్ట్రమంతటా ఆ పద్ధతి పెట్టారు. అప్పట్లో అక్కడి గదుల్లో పిల్లలకు అందేటట్టు గోడ అడుగున చుట్టూ నల్లబల్లలు ఉండేవి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. టీచరు చాప మీద పిల్లల మధ్య కూర్చునేవారు. తలల మీదుగా తీగెలు కట్టి పిల్లలు వేసిన బొమ్మలు వేలాడదీసేవారు. మనకేమో పెరటి చెట్టు మందుకు పనికిరాదు! అయితే ఒక మాట. కార్డులు అచ్చు వేసి బడికి పంపితే ఈ పద్ధతి వచ్చేసినట్టు కాదు. తమిళనాడులోనూ టీచరుకు మనసు లేని చోట కార్డులు బీరువాలోనే ఉండిపోయాయని విమర్శ వచ్చింది.

ఇక బహుమతులు. అమ్మా, తల్లిదండ్రులకు ఇది చాలా అవసరం. “ఫస్టు వస్తే సైకిల్ కొనిపెడతాను.” 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి ముందే చెప్పారు, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసా పత్రం ఇస్తామని. కొందరికి ముందు చెప్పకుండా చివర ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఊరికే ఆడుకునే వేళలో గమనిస్తే, పత్రం కోసం వేసిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే ఆ పెన్నులు ముట్టుకున్నారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టగానే అది కూలి పని అయింది. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్ళకు ఏ నష్టమూ లేదు, గమనించండి. పిల్లవాడు మంచి పని చేస్తే సంతోషపడి ఏదైనా కొనిపెట్టండి, ఎవరు వద్దన్నారు? బేరం పెట్టకండి, అంతే నేను చెప్పేది.

ఇంతసేపూ బడి గురించి చెబుతున్నాను, ఇది గ్రంథాలయం కదా అనుకుంటున్నారేమో. అక్కడికే వస్తున్నాను. పిల్లవాడి పేరు పక్కన మార్కు పడని చదువు చోటు మన ఊళ్ళో ఇదొక్కటే. ఇక్కడ పుస్తకం సగం చదివి పెట్టేస్తే ఎవరూ అడగరు. తొమ్మిదో తరగతి పిల్ల రెండో తరగతి బొమ్మల పుస్తకం చదువుకున్నా ఎవరూ చూడరు. ఈ స్వేచ్ఛ బడిలో ఉందా? లేదు.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఎవరైనా వెళ్ళారా? వెళ్ళి చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. చాలామంది అక్కడి పుస్తకాల కోసం రారు, తమ పుస్తకాలు సంచీలో తామే తెచ్చుకుంటారు. మరెందుకు వస్తారు? తెలంగాణ గ్రూప్-1 సంగతి గుర్తు చేసుకోండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్ళీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్ కూడా పోయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. తన తప్పు ఏమీ లేకుండా రెండుసార్లు రాసిన పరీక్ష పోయినవాడు మూడోసారి పుస్తకం తెరవాలంటే ఏ కోటు వేసుకున్న వక్త తెరిపించగలడు? ఇంట్లో ఉంటే “ఇంకా ఎన్నేళ్ళు చదువుతావు” అంటారు. గదిలో ఉంటే నిద్ర వస్తుంది. ఇక్కడికి వస్తే ఎదుటి బల్ల దగ్గర ఇంకొకడు, వాడికీ రెండుసార్లు పోయింది, వాడూ చదువుతున్నాడు. టీ తాగడానికి బయటికి వస్తే ఆర్థిక వ్యవస్థ మీద తెలియనిది వీడు అడుగుతాడు, చరిత్ర మీద తెలియనిది వాడు అడుగుతాడు. “నాకు ఇది రాదు” అని ఇద్దరూ సిగ్గు లేకుండా చెప్పుకుంటారు. రాదని చెప్పగలిగినవాడికి చెప్పేవాడు ఎవరో ఒకరు దొరుకుతారు.

మన గ్రంథాలయోద్యమం పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం, ఇవి పుస్తకాలు దాచుకోవడానికి పెట్టినవా? మనుషులు వచ్చి కూర్చోవడానికి పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాకపోతే వాడికి ఆసక్తి లేదని రిజిస్టరులో రాసుకోలేదాయన. పడవ ఎక్కారు.

ఇప్పుడు మన హాలు చూడండి. అదిగో, పిల్లల పుస్తకాల బీరువా. తాళం ఉంది. గ్రంథాలయాధికారి గారి తప్పు ఇందులో లేదు, ఆయన మొహం చిన్నబోతోంది. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో లెక్క తేలాలి, తేలకపోతే ఆయన జవాబు చెప్పుకోవాలి. ఆ భయంతో పుస్తకం చిరగకుండా ఉంటుంది, పిల్లవాడు ముట్టుకోకుండా ఉంటాడు. దీనికి నేను చెప్పేది: ఆ బీరువాలో ఉన్నలాంటి పుస్తకాలే ఒక యాభై మనలో పదిమందిమి వేరే కొని విరాళంగా ఇద్దాం. స్టాకు రిజిస్టరులో ఎక్కించవద్దు. నేల మీద చాప పరిచి అక్కడ పెడదాం. చిరిగితే చిరుగుతాయి, పోతే పోతాయి. నా వంతు డబ్బు ఇవాళే ఇస్తున్నాను.

రెండోది వేళలు. పిల్లలు బడి నుంచి, ట్యూషన్ నుంచి వచ్చేసరికి మన హాలు మూసే వేళవుతుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు. జనవరి నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలి. కూర్చోవడానికి విశ్రాంత ఉపాధ్యాయులం ఒక్కొక్కరం వారానికి ఒక సాయంత్రం వస్తాం. పాఠం చెప్పం, పరీక్ష పెట్టం. ఎవరైనా వచ్చి రాదంటే పక్కన కూర్చుంటాం. వచ్చేవాళ్ళు పేర్లు ఇప్పుడే ఈ కాగితం మీద రాయండి, కాగితం అటు నుంచి పంపిస్తున్నాను.

కరెంటు బిల్లు ఎవరు కడతారని మునిసిపల్ చైర్మన్ గారు అడగబోతున్నారు, నాకు తెలుసు. అయ్యా, 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మేం కడుతున్నాం. మన మునిసిపాలిటీ ఎన్నేళ్ళ బకాయి పడిందో మీ కమిషనర్ గారిని అడిగి, వచ్చే నెల కౌన్సిల్ సమావేశం ఎజెండాలో పెట్టించండి. మేం కూడా వస్తాం, వెనక కూర్చుంటాం.